పోయొస్తా అన్న మాట మీద పంచాయితీ

కొత్తగా బండి తాళం చేతికొచ్చిన తమ్ముళ్ళూ, బండి నడపడం మీకు లైసెన్సు ఇచ్చినవాళ్ళు నేర్పే ఉంటారు. నేర్పకుండానే ఇచ్చి ఉంటే ఇంకా మంచిది, మన పట్నం రోడ్ల మీద నేర్చుకున్నదేదీ పనికిరాదు. నేను చెప్పబోయేది బండి ఆపుకొని నిలబడటం గురించి. యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల ఆఫీసుకు డ్రైవర్‌గా చేసి రిటైరయ్యాను. ఉద్యోగం మొత్తంలో స్టీరింగ్ పట్టుకున్న టైము కంటే బానెట్‌కు ఆనుకొని ఎవరి కోసమో చూసిన టైమే ఎక్కువ. ఎయిర్‌పోర్టులో, వీసాల ఆఫీసు ముందర, ఆస్పత్రుల ముందర, ఒకటి రెండుసార్లు పోలీస్ స్టేషన్ ముందర కూడా.

నా చదువు సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత మీరు అడిగితే సిగ్గుగా ఉంటుంది. మా నాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. నన్ను ఇంజినీరును చేద్దామనుకున్నాడు. ఎనిమిదో తరగతిలో లెక్కల సారూ నేనూ ఒకరినొకరు భరించలేక విడిపోయాం. సారు బడిలోనే ఉండిపోయాడు, నేను బయటికొచ్చాను. తర్వాత దేవుడు నా మీద పగబట్టి యూనివర్సిటీలోనే ఉద్యోగం ఇప్పించాడు. డాక్టరేట్లను ఎక్కించుకొని తిరిగే ఉద్యోగం.

ప్రమోషన్లు, సర్వీసు రూల్సు రాయాలని లేదు. రాసినా మీరు చదవరు. ఒక్క అబ్బాయి గురించి రాస్తాను. ఇతణ్ణి ఈ దేశంలో ఉండనిస్తారా, పంపించేస్తారా అన్న ప్రశ్న మీద అతని బతుకు చాలా కాలం వేలాడింది. ఆ తాడుకు పడిన ముడుల్లో ఒకటి నేను నేర్పిన తెలుగు మాట.

తాతగారి పేరు పట్టుకొని నిలబడ్డాను

ఇద్రీస్ సూడాన్ నుంచి వచ్చాడు. రాళ్ళ మీద పరిశోధన చేయడానికి. మన క్యాంపస్‌లో అడుగు తీసి అడుగేస్తే రాతి గుండే కదా, సరైన చోటికే వచ్చాడనుకున్నాను.

ఆఫీసులో టైపు చేసిచ్చిన కాగితం పట్టుకొని ఎయిర్‌పోర్టులో నిలబడ్డాను. అందరూ వెళ్ళిపోయారు. ఒక పొడుగు మనిషి మాత్రం నా ముందరి నుంచి అటూ ఇటూ తిరుగుతున్నాడు. చివరికి దగ్గరికొచ్చి నా కాగితం చదివి, ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు, "అయ్యా, ఇది మా తాతగారి పేరు. ఆయన రాలేరు. చనిపోయారు. నేను వస్తే సరిపోతుందా?"

వాళ్ళ దేశంలో మనిషి పేరు వెనక తండ్రి పేరు, దాని వెనక తాత పేరు ఉంటాయట. మా ఆఫీసువాళ్ళు చివరి ముక్క ఒక్కటే కొట్టిచ్చారు. అప్పుడే అనుకున్నాను, వీడు మనవాడేనని. దిక్కుతెలియని ఊర్లో దిగిన పూట కూడా జోకు వేయగలిగినవాడు ఎక్కడైనా బతుకుతాడు. ఉండనిస్తే.

మొదట హాస్టల్లో ఉన్నాడు. తర్వాత తార్నాకలో సుగుణ టీచరమ్మగారి మేడ మీద గదిలోకి మారాడు. ఆమెది బాపట్ల దగ్గర ఊరు. చర్చి బడిలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యారు. ఆదివారం ప్రార్థన నుంచి రాగానే మేడ మీదికి కేక వేసేవారు, "ఇద్రీసూ, ఉప్మా చల్లారిపోతోంది నాయనా! మీ దేవుడు ఉప్మా వద్దన్నాడా ఏంటి?"

గ్రామర్ కరెక్టే, మనిషే కరెక్ట్ కాదు

క్యాంపస్‌లో దిగిన ప్రతి విదేశీ పిల్లకీ, పిల్లవాడికీ డ్రైవర్లు కొన్ని తెలుగు మాటలు నేర్పుతారు. అవి ఇక్కడ రాయడానికి వీల్లేదు. పిల్లలు వాటిని చాలా త్వరగా నేర్చుకుంటారు. నేను మాత్రం ఒక్క మాటే నేర్పేవాణ్ణి. ఇద్రీస్‌కు నేర్పింది ఇలా.

వచ్చిన కొన్ని నెలలకు టీచరమ్మ గేటు ముందర దిగి, పుస్తకంలో నేర్చుకున్న తెలుగు నా మీద ప్రయోగించాడు. "పోతా, అన్నా."

"అరే, పోతా అనొద్దురా."

"ఎందుకు? గ్రామర్ కరెక్ట్."

"గ్రామర్ కరెక్టే. మనిషే కరెక్ట్ గాదు. పోతా అంటే ఇగ రానట్టు. పైకి టికెట్ తీస్కున్నోడే పోతా అంటడు. నువ్వు తీస్కున్నవా?"

"లేదు."

"మరి పోయొస్తా అను."

"ఎక్కడికి వస్తా? నా రూం గీడనే ఉంది కదా అన్నా."

"ఎక్కడికైతేంది? అనాలె, అంతే."

ఆ రోజు నుంచి మొదలైంది. జిరాక్సు షాపులో పోయొస్తా. బస్సు దిగుతూ కండక్టరుకు పోయొస్తా. పరీక్ష హాల్లో లేచి ఇన్విజిలేటరుకు పోయొస్తా అన్నాడట. ఆమె మళ్ళీ సప్లిమెంటరీకి వస్తాడేమో అనుకుంది పాపం. కుర్చీలోంచి లేచాడంటే ఆ మాట నోట్లోంచి దానంతటదే పడేది. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

ఆ తర్వాత వాళ్ళ దేశంలో యుద్ధం వచ్చింది. ఖార్టూమ్‌లో వాళ్ళ ఇంటి మీద ఫిరంగి గుండు పడి అన్న చనిపోయాడు. తల్లి ఎటో వెళ్ళిపోయింది, ఎక్కడుందో తెలియదు. ఆ సాయంత్రం ఆఫీసు నుంచి, డిపార్ట్‌మెంటు నుంచి, వాడ నుంచి చాలామంది టీచరమ్మ మేడ ఎక్కారు. కూర్చున్నారు, లేచారు, మెట్లు దిగారు.

మర్నాడు బండిలో ఇద్రీస్ నన్ను అడిగాడు, "అన్నా, నిన్న అందరు వచ్చిన్రు. ఒక్కరు గూడ పోయొస్తా అనలే. నా మీద కోపమా?"

అతనికి అది చెప్పవలసి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. "చావైన ఇంట్లకెళ్ళి పోయేటప్పుడు ఆ మాట అనరురా. మళ్ళ వస్తా అంటే, మళ్ళ గిసొంటి పనికే రావాల్నేమో అని భయం. సప్పుడు చెయ్యకుంట లేచి పోతరు."

ఇద్రీస్ కిటికీ అద్దం దించాడు. తర్వాత, "మా దగ్గర లేవరు అన్నా. డేరా వేసుకొని కూసుంటరు, రోజులు రోజులు," అన్నాడు.

వాళ్ళ ఊర్లో రెండు నదులు కలుస్తాయట. ఒకటి తెల్లగా, ఒకటి నీలంగా. కలిసిన తర్వాత కూడా కొంత దూరం దేని రంగు దానిదేనట. పక్క పక్కనే పోతాయి, కలవవు. ఆ చోటు గురించే పదే పదే చెప్పేవాడు. ఓదార్చుదామని ఒకసారి బండి తిప్పి మూసీ చూపించాను. మర్యాదస్తుడు, ఏమీ అనలేదు. ముక్కుకు కర్చీఫు కూడా పెట్టుకోలేదు.

అనల్ల, అనకూడదు

ఇక్కడ మా బాసు రెడ్డప్ప సార్ గురించి చెప్పాలి. ఆయనది అనంతపురం. మంచి బాసుకు నేను చూసిన గుర్తు ఒకటే: పని చెడితే ముందు "ఎట్లయింది?" అంటాడు, చెడ్డ బాసు "ఎవడు చేశాడు?" అంటాడు. రెడ్డప్ప సార్ మొదటి రకం. డ్యూటీలో చేరిన రోజే నాకొక రూలు చెప్పారు. "యాదగిరీ, దించినాక మనిషి గుమ్మం దాటి లోపలికి పొయ్యేంతవరకు బండి కదపొద్దప్పా. కొత్త ఊర్లో ఎనక్కి తిరిగి చూస్తే ఒక బండైనా కనపడల్ల." వాళ్ళ అనంతపురంలో కనపడల్ల అంటే కనబడాలి అని. మీరూ ఇది పాటించండి.

ఇద్రీస్ స్టూడెంటు వీసా గడువు దగ్గర పడుతోంది. ఢిల్లీలో శరణార్థుల ఆఫీసుకు కూడా దరఖాస్తు పెట్టాడు. శరణార్థి అన్న మాట వినగానే నాకు మా నాయన గుర్తొచ్చాడు. వర్క్‌షాపులో పెద్ద సారు ఎదురొస్తే, "శనార్తి దొరా," అనేవాడు. శనార్తి అంటే శరణార్థేనని టీచరమ్మ చెప్పారు. అంటే మా నాయన ఉద్యోగమంతా రోజూ పొద్దున శరణు అడిగాడన్నమాట. ఒక్క రోజూ దొరకలేదు.

వచ్చిన చిక్కేమిటో రెడ్డప్ప సార్ నాకు బండిలో చెప్పారు. "స్టూడెంటు వీసా పెంచల్లంటే, సదువైనాక మా దేశానికి తిరిగి పోతాను అనల్ల. శరణు ఇయ్యల్లంటే, మా దేశానికి పోలేను అనల్ల. ఈ పక్క పోతాననల్ల, ఆ పక్క పోలేననల్ల. యా పక్కన నిలబడతాడప్పా పిల్లోడు?"

"మరి మన చట్టమేమంటది సార్?"

"మన దగ్గర శరణార్థులకని చట్టమే లేదప్పా. విదేశీయుల చట్టమే ఉండాది. ఢిల్లీ వాళ్ళు కార్డు ఇస్తారు. అది వీసా గాదు. ఇంట్లోకి రమ్మని ఎవరూ అనరు, వాకిట్లో నిలబడితే తరమరు. అంతే."

నా అభిప్రాయం అడిగితే, ఇంత చదువుకున్న దేశంలో వాకిట్లో నిలబడ్డవాడికి ఒక చట్టం రాసుకోవడం పెద్ద పని కాదు. ఎనిమిదో తరగతి మానేసినవాడి అభిప్రాయం, తీసుకుంటే తీసుకోండి.

శీను చెయ్యి

అప్పుడే లాలాపేట్‌లో కత్తి లేచింది.

మా ఆవిడ పద్మ తమ్ముడు శీనుకు అక్కడ చికెన్ సెంటర్ ఉంది. ఇద్రీస్ దేశంవాడే ఇంకొకడు, ఎప్పుడో చదువు మానేసి, వీసా పోయి, అక్కడా ఇక్కడా గదుల్లో తలదాచుకుంటున్నాడు. ఏ పనీ దొరకదు, ఎవరికీ చెప్పుకోలేడు, తాగుతాడు. షాపు ముందర బైకు పెట్టే దగ్గర మాటామాటా పెరిగి, మొద్దు మీద ఉన్న కత్తి లాక్కొని శీనును నరికాడు. భుజం తెగింది, చెయ్యి తెగింది. జనం అక్కడే పట్టుకున్నారు. వాడు జైలుకు పోయాడు, శీను ఆస్పత్రికి. బతికాడు. కుడి చేతి వేళ్ళు మాత్రం ఇప్పటికీ పూర్తిగా మడవలేడు.

పొద్దున ఆస్పత్రి ముందర పద్మను దించేవాణ్ణి, ఆ వెంటనే ఇద్రీస్‌ను పోలీసు వెరిఫికేషనుకు తీసుకెళ్ళేవాణ్ణి. ఆ దేశం పిల్లలందరినీ మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు. పద్మ దిగుతూ దిగుతూ అంది, "ఆ పొడుగోన్నే గద ఎక్కించుకపోయేది? నీ బామ్మర్ది చెయ్యి చూసినంక గూడ?"

"డ్యూటీ గదనే."

"డ్యూటీ అయితే నోరు మూస్కోని నడుపు. నవ్వుకుంట ముచ్చట పెట్టకు."

ఆ వారం నిజంగానే నోరు మూసుకొని నడిపాను. నన్ను ఎరిగినవాళ్ళకు అదెంత కష్టమో తెలుసు.

ఇంతలో తార్నాకలో టీచరమ్మ ఇంటికి కాలనీ అసోసియేషన్‌వాళ్ళు వచ్చారు. గది ఖాళీ చేయించమని. వరండాలో కుర్చీలు వేశారు. నేను రెడ్డప్ప సార్‌ను తీసుకొని వెళ్ళాను. ఇద్రీస్ మేడ మీదే ఉన్నాడు, అన్నీ వినబడతాయి.

సెక్రెటరీ లేచాడు. "మేడం, మీరు మంచోళ్ళు, అందుకే మీకు చెప్తున్నం. ఎవడు ఎట్లాంటోడో ఎట్ల తెలుస్తది? వీసా ఉన్నదో లేదో, రేపు ఏం చేస్తడో. శరణం గిరణం అని అందర్ని పెట్టుకుంటే మన పిల్లల సంగతేంది?"

"మీరు అడిగేది తప్పు కాదండీ," అన్నారు టీచరమ్మ. "తెలియకపోతే భయమే. కానీ ఈ అబ్బాయి గురించి మీకు తెలుసు కదా? మీ మనవడికి సైన్సు ప్రాజెక్టుకు రాళ్ళు తెచ్చిచ్చాడు."

"ఆ రాళ్ళు వేరు మేడం..."

"రాళ్ళు వేరేంటండీ, ఆ ఇచ్చిన చెయ్యి ఇదే కదా."

వాదన సాగింది. వీసా పోయినవాళ్ళను వెంటనే పంపించకపోవడమే తప్పని ఒకరు. పంపించడానికి వాళ్ళ దేశంలో విమానం దిగే చోటు ఉండాలి కదా అని రెడ్డప్ప సార్. అన్ని వైపులా కొంత నిజం ఉంది. తమ్ముళ్ళూ, ఇలాంటి చోట మీకు ఎవరి మాట విన్నా అదే రైటనిపిస్తుంది. నాకూ అనిపించింది. ఒకే గంటలో పార్టీ ఎన్నిసార్లు మారానో చెప్పను.

చివరికి శీను వచ్చాడు. చేతికి కట్టుతోనే. దెబ్బ తిన్నవాడే వచ్చి చెబితే టీచరమ్మ వింటారని కాలనీవాళ్ళెవరో పిలిపించారు.

"నేనేం చెప్తనన్నా?" అన్నాడు సెక్రెటరీతో, గడప దగ్గరే నిలబడి. "నాకు కోపం పోలే. ఆ పొడుగోన్ని చూస్తే నా చెయ్యి ఇప్పటికీ గుంజుతది. రేపు గూడ గుంజుతది. గానీ నరికింది ఈడు గాదు. రెండూ నిజమే. ఒకటి చెప్పి ఒకటి దాయమంటే నాతోని గాదు."

అంతే అని వెళ్ళిపోయాడు. తర్వాత ఒక్కొక్కరే లేచి చెప్పులు వేసుకున్నారు. గది ఖాళీ చేయించే విషయం ఆగింది, తీర్మానం కాలేదు, ఆగింది. మన దగ్గర చాలా మంచి పనులు అలా ఆగడం వల్లే జరుగుతాయి.

నేను చూసినంతలో ఆ మధ్య జనం చేసిన పొరపాటు ఒకటే. వీసా పోయి దాక్కున్నవాడికీ, వీసా పోకముందే ఆఫీసుల చుట్టూ తిరిగి పేరు చెప్పుకుంటున్నవాడికీ తేడా చూడలేదు. రెండోవాణ్ణి తరిమితే వాడూ మొదటివాడవుతాడు.

ఫైల్లో ఏమని రాయాలి

విదేశీయుల ఆఫీసు నుంచి ఒక ఆఫీసర్ విచారణకు క్యాంపస్‌కే వచ్చారు. ఆయన రాసే రిపోర్టు మీదే వీసా పొడిగింపు ఉంటుంది, ఢిల్లీవాళ్ళూ దాన్ని చూస్తారు. రెడ్డప్ప సార్ గదిలోనే విచారణ. ఇంటి యజమానిగా టీచరమ్మ సాక్ష్యం. ఆమెను తీసుకొచ్చిన నేను తలుపు దగ్గర.

ఇద్రీస్ బాగా చెప్పాడు. అన్న చావు, ఇల్లు, తల్లి జాడ తెలియకపోవడం. పరిశోధన ఎక్కడిదాకా వచ్చిందో. ఆఫీసర్ కటువైన మనిషి కాదు. అన్నీ రాసుకొని, ఇంగ్లీషులో, "ఇక మీరు వెళ్ళవచ్చు," అన్నారు. ఇద్రీస్ లేచాడు. సరిగ్గా అప్పుడే ఆఫీసర్ ఫైలు మూయబోతూ తెలుగులో అడిగారు, "యుద్ధం అయిపోతే మీ దేశం వెళ్తావా మరి?"

కుర్చీలోంచి లేచాడా, ఆ మాట పడింది. "పోయొస్తా సార్."

ఆఫీసర్ కలం ఆగింది. "పోయొస్తావా? అంటే అక్కడికి పోయి, మళ్ళీ ఇక్కడికి వస్తావా? పోయి రాగలిగితే శరణు ఎందుకయ్యా?"

ఇద్రీస్‌కు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మారిపోయింది. నా వైపు చూశాడు. గదిలో అందరూ నా వైపు చూశారు.

"సార్, అది పొయ్యేటప్పుడు చెప్పే మాటప్పా," అని రెడ్డప్ప సార్ తొందరపడ్డారు. ఆఫీసర్‌ను అప్పా అన్నందుకు మళ్ళీ తడబడ్డారు.

"నాకు తెలియదా అండీ? నేనూ తెలుగువాణ్ణే," అన్నారు ఆఫీసర్. "ఫైలు చదివేవాళ్ళు ఢిల్లీవాళ్ళు. ఈ కత్తి కేసు తర్వాత అడిగింది, చెప్పింది అన్నీ రాయమన్నారు. అడిగాను, జవాబు చెప్పాడు. ఇంగ్లీషులో ఏమని రాయను? పోయి వస్తాను అని రాస్తే ఇతని దరఖాస్తు పోతుంది."

"బై అని రాయండి సార్," అన్నారు రెడ్డప్ప సార్.

"విచారణ రిపోర్టులో బై అని రాస్తామా?"

టీచరమ్మ కళ్ళజోడు సర్దుకున్నారు. "టేకింగ్ లీవ్ అని రాయండి బాబూ. సెలవు తీసుకుంటున్నాడు, అంతే కదా."

"లీవ్ అని చూస్తే దేశం వదిలిపోతానన్నాడనుకుంటారు టీచర్‌గారూ."

టీచరమ్మ జీవితమంతా నేర్పిన ఇంగ్లీషు అక్కడ ఆగిపోయింది. నేను తలుపు దగ్గరి నుంచే అన్నాను, "సార్, చిన్న మాట. ఎవరన్న పోయొస్తా అంటే, ఎప్పుడొస్తవ్ అని మనం అడుగుతమా? అడగం గద. ఎందుకడగం? అది వచ్చుడు గురించి గాదు సార్. మర్యాద. ఆ మాటకు అర్థం లేదు."

ఆఫీసర్ కలానికి మూత పెట్టారు. "సరే. అర్థం లేని మాటకు అనువాదం ఎందుకు? నేను ఆ ప్రశ్న అడగనే లేదు. ఇతను లేచి మర్యాదగా వెళ్ళిపోయాడు." లేచి, ఫైలు చంకలో పెట్టుకొని గుమ్మం దగ్గర, "మంచిది, వెళ్ళొస్తానండీ," అన్నారు.

నా నోరు ఊరుకోదు కదా. "ఎప్పుడు సార్?"

ఒక్క క్షణం నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆయనే ముందు నవ్వారు. తర్వాత టీచరమ్మ, తర్వాత రెడ్డప్ప సార్. ఇద్రీస్ గోడకు ఆనుకొని నవ్వుతూ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ గదిలో ఆ నవ్వు ఇంకా ఎక్కడో ఉంటుందని నాకు అనిపిస్తుంది. రిటైరయ్యాక ఒకసారి పోయి చూశాను. గదికి రంగు వేశారు.

వాకిట్లో

వీసా పెరిగింది. తర్వాత ఢిల్లీ కార్డు వచ్చింది. శీను కేసు ఇంకా నడుస్తోంది. ఇద్రీస్ డాక్టరేటు తీసుకున్నాడు. ఇంక చేయడానికి ఏమీ లేదు. కార్డు మీద ఉద్యోగం ఇవ్వరు. సాయంత్రాలు తార్నాక నుంచి లాలాపేట్ దాకా నడిచేవాడు, వెనక్కి నడిచేవాడు. శీను షాపు ఉన్న వైపు కాకుండా రోడ్డుకు అవతలి వైపు. శీనుకు చెయ్యి గుంజుతుందని. ఆ సంగతి నేను చెప్పకుండానే వరండాలో విన్నాడు కదా.

ఒక పొద్దున ఫోన్. తల్లి దొరికింది. ఎడారులు దాటి కైరో చేరిందట. మంచాన పడింది. కొడుకును అడుగుతోంది.

మళ్ళీ రెడ్డప్ప సార్ గదిలో కూర్చున్నాం. "పోతే ఎగ్జిట్ పర్మిట్ మీద పోవల్ల," అన్నారు ఆయన. "ఒకసారి దాటినాక ఈ కార్డు చెల్లదు. వీసా మళ్ళా రాదనుకో. బాగా ఆలోచన చెయ్యి నాయనా. ఇంత కష్టపడి నిలబడింది, ఇడిసిపెట్టి పోతావా?"

నేను కూడా చెప్పాను. ఉండమనే చెప్పాను. ఇంకో దేశంవాళ్ళు పిలుస్తారేమో, కొంచెం ఆగితే అని. నాకు అతను కావాలి, అందుకని. మా ఇంట్లో పద్మ కూడా అప్పటికి ఇద్రీస్ అంటే మెత్తబడింది. ఒకటే అంది, "తల్లి పిలుస్తుంటే ఉండుమని చెప్తున్నవా? సిగ్గుండాలె."

ఇద్రీస్‌ది ఒకటే మాట. "మా అమ్మ నా రెండో నది అన్నా. పక్కన పోవాలె," అన్నాడు.

మధ్యాహ్నం విమానం. టీచరమ్మ గేటు దగ్గర సామాను ఎక్కించాను. ఇద్రీస్ వంగి ఆమె చేతులు కళ్ళకు అద్దుకున్నాడు. ఏమీ అనకుండా వచ్చి బండిలో కూర్చున్నాడు. నేను తాళం తిప్పలేదు.

"అనవేంరా?" అన్నాను.

"ఇప్పుడంటే అబద్ధం అయితది అన్నా. రాను గద."

టీచరమ్మ గేటు పట్టుకొని నిలబడ్డారు. గొంతు పెంచారు, బడిలో పెంచినట్టు. "ఏమీ అనకుండా వెళ్ళిపోతావేంటి నాయనా? మా ఇంట్లో ఎవరు పోయారని?"

దిగాడు. గేటు దాకా నడిచాడు. "పోయొస్తా అమ్మా."

"ఆఁ. అలా అను," అని ఆమె లోపలికి వెళ్ళిపోయారు. అతను వెళ్ళేదాకా చూడలేదు.

దారంతా నేను జోకులు వేశాను. ఒక్కటీ బాగా రాలేదు. ఎయిర్‌పోర్టు పైఅంతస్తులో దించాను. బ్యాగు భుజాన వేసుకున్నాడు, నన్ను గట్టిగా పట్టుకున్నాడు, వదిలాడు.

"పోయొస్తా అన్నా."

ఆ మాటకు అర్థం లేదని ఆఫీసర్ ముందర వాదించి గెలిచినవాణ్ణి నేనే. నా నోట్లోంచి మాట దానంతటదే పడింది.

"ఎప్పుడు?"

అతను నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగాడు. "అది అడగరు గద అన్నా," అన్నాడు మెల్లగా. అద్దాల తలుపు వైపు నడిచాడు. వెనక్కి తిరిగి చూశాడు, బండి కనబడింది. మళ్ళీ చూశాడు, కనబడింది. గుమ్మం దాటి లోపలికి పోయాడు.

నేను అక్కడే ఉన్నాను. సెక్యూరిటీ పిల్లవాడు విజిల్ వేసుకుంటూ వచ్చి బానెట్ మీద తట్టాడు. "బండి తియ్యి అన్నా. గిది పోయేటోళ్ళ జాగ. వచ్చేటోళ్ళ కోసమైతే కింద నిలబడాలె."

"తెలుసు తమ్మీ," అన్నాను. "ఉద్యోగమంతా కిందనే నిలబడ్డ."